లైసెన్సు చేతికొచ్చినా కాక్‌పిట్ దూరమే

2025 డిసెంబరు మొదటి వారంలో దేశంలోని పెద్ద విమానాశ్రయాల్లో ప్రయాణికులు సామాన్ల పక్కనే కూలబడ్డారు. ఇండిగో సంస్థ వేల సర్వీసులు రద్దు చేసింది. ఒక్క డిసెంబరు 5నే రద్దయినవి వెయ్యికి పైగా. కారణం తుపాను కాదు, సమ్మె కాదు. పైలట్లకు వారానికి 36 గంటలుగా ఉన్న విశ్రాంతిని 48 గంటలకు పెంచి, రాత్రిపూట ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించిన కొత్త నిబంధనల రెండో దశ నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందుకు సరిపడా పైలట్లను సంస్థ ముందుగా సిద్ధం చేసుకోలేదు. ఆ వారమంతా ఎక్కడ చూసినా ఒకటే మాట: పైలట్ల కొరత.

కొరత నిజమే. కానీ అప్పుడు కొరత పడింది కెప్టెన్లకు, ఇప్పటికే పెద్ద విమానాలు నడుపుతున్న ఫస్ట్ ఆఫీసర్లకు. 200 గంటల అనుభవంతో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుని ఎయిర్‌లైన్స్ పిలుపు కోసం చూస్తున్న పిల్లలు ఆ వారం కూడా ఇళ్లలోనే ఉన్నారు. కెప్టెన్ కావాలంటే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు ఉండాలి. దానికి కనీసం 1,500 గంటలు ఎగిరి ఉండాలి. మధ్యలోని 1,300 గంటలు దాదాపు ఎవరికైనా ఏదో ఒక సంస్థ ఫస్ట్ ఆఫీసర్ కూర్చునే కుడివైపు సీటు ఇస్తేనే వస్తాయి. ఆ సీటు ఎప్పుడివ్వాలో, ఎందరికివ్వాలో సంస్థ ఇష్టం. ఆ సీటు దాకా వెళ్లడానికయ్యే ఖర్చు, మధ్యలో తేడా వస్తే నష్టం మాత్రం ఇంటివాళ్లవి. మన దేశంలో పైలట్ శిక్షణ నడుస్తున్నది ఈ పద్ధతిలోనే. ఈ పద్ధతి అన్యాయమైంది. ప్రయాణికుల భద్రతకూ మంచిది కాదు.

వచ్చే 15–20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని కేంద్ర పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025లో చెప్పారు. ప్రస్తుతం పనిచేస్తున్నది ఆరేడు వేల మందేననీ, మన సంస్థలు 1,700 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయనీ అన్నారు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఇచ్చిన ఆర్డర్లను గుర్తుచేసుకుంటే ఈ అంచనాను తప్పుపట్టలేం. అయితే ఆ అంకె కోచింగ్ సెంటర్ బ్యానర్ మీదికి ఎక్కేసరికి ‘15–20 ఏళ్లు’ అన్న మాట జారిపోతుంది. ఇంటర్ పూర్తిచేసిన కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని వచ్చిన తండ్రికి కావలసింది వేరే లెక్క. ఈ ఏడాది చేరితే మూడేళ్ల తర్వాత సంస్థలు ఎందరిని తీసుకుంటాయి? ఆ సంగతి ఆ బ్యానర్ చెప్పదు.

ఆర్డరిచ్చిన విమానం వచ్చేదాకా నమ్మకం లేదు. 2022 ఆగస్టులో ఎగరడం మొదలుపెట్టిన అకాసా, రాబోయే విమానాల కోసం ముందుగానే పైలట్లను చేర్చుకుంది. బోయింగ్ నుంచి విమానాలు అనుకున్న వేళకు రాలేదు. ఎంపికైన పైలట్లలో పలువురు పని లేకుండా నెలల తరబడి నేల మీదే ఉండిపోయారు. అంటే ఒక సంస్థలో పైలట్లు చాలక విమానాలు ఆగాయి, మరో సంస్థలో విమానాలు చాలక పైలట్లు ఆగారు. పై నుంచి చూసి ‘దేశానికి ఇన్ని వేల మంది కావాలి’ అని చెప్పే లెక్కకు ఈ తేడా కనిపించదు. లక్షలు పోసి చదివించిన కుటుంబానికి మొదట తగిలేది ఈ తేడానే.

పైలట్ శిక్షణలో చేరాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ముందు క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 వైద్య పరీక్షలు. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ చూస్తారు. చాలామంది క్లాస్ 2 కాగితం చేతికి రాగానే స్కూల్లో డబ్బు కట్టేస్తారు. ఏడాది తర్వాత క్లాస్ 1లో రంగులు సరిగా గుర్తించలేకపోతున్నారని తేలితే ఆ డబ్బు తిరిగి రాదు. ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే క్లాస్ 1 పూర్తిచేయించుకోవాలని ప్రతి స్కూలూ అడ్మిషన్ల గదిలోనే చెప్పాలి. చెప్పని స్కూలును నమ్మవద్దు.

ఆ పైన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ దగ్గర కంప్యూటర్ నంబర్ తీసుకోవాలి. నావిగేషన్, మెటియోరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు 70 శాతం మార్కులతో గట్టెక్కాలి. రేడియో టెలిఫోనీ పరీక్ష మొన్నమొన్నటి దాకా టెలికాం శాఖ చేతిలో ఉండేది. ఒక లైసెన్సు కోసం రెండు శాఖల గుమ్మాలు తొక్కాల్సి వచ్చేది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ ఆ బాధ్యతను డైరెక్టరేట్ జనరల్‌కే అప్పగించింది. 1934 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టంతో విద్యార్థికి నేరుగా కలిసొచ్చిన మేలు ఇది.

పరీక్షలు కష్టమే గానీ చదివితే దాటొచ్చు. విద్యార్థి చేతిలో లేనిది 200 గంటలు. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగరాలి. 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ ఒకటి చేయాలి. రాత్రిపూట 5 గంటలు, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగులు ఉండాలి. కాగితం మీద ఇది ఏడాదిన్నర పని. ఫ్లయింగ్ స్కూల్లో ఒక ఉదయం ఎలా గడుస్తుందో చూస్తే మూడేళ్లు ఎందుకు పడుతుందో అర్థమవుతుంది. తెల్లవారకముందే వచ్చిన విద్యార్థి మొదట చూసేది గోడ మీది రోస్టర్. పేరు ఉన్నా పొగమంచు కమ్మి ఉంటే శిక్షణ విమానం సెస్నా లేవదు. మంచు విడేసరికి ముందు బ్యాచ్ మిగిల్చిన సార్టీలు వరసలో ఉంటాయి. ఆ విమానానికి అప్పటికే 50 గంటలు నిండితే తనిఖీకి షెడ్డులోకి పోతుంది. రెండో విమానం విడిభాగం కోసం వారాలుగా రెక్కల కింద దిమ్మెలతో నిలబడి ఉంటుంది. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరికి ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వచ్చింది, నెలాఖరుకు వెళ్లిపోతున్నారు. అన్నీ కుదిరిన రోజున లాగ్ బుక్‌లో ఒక వరస నిండుతుంది: తేదీ, ‘వీటీ’తో మొదలయ్యే విమానం నంబరు, కదిలిన వేళ, ఆగిన వేళ, డ్యూయల్ కాలమ్‌లో 55 నిమిషాలు. కుదరని రోజు ఏ వరసా ఉండదు. హాస్టల్ అద్దె మాత్రం ఉంటుంది.

దీనికి తోడు మరో మెలిక. లైసెన్సుకు దరఖాస్తు చేసే ముందు ఆరు నెలల్లో కనీసం 15 గంటలు ఎగిరి ఉండాలి. భద్రత దృష్ట్యా ఈ నియమం సరైందే. అయితే 200 గంటలూ పూర్తిచేసి, ఒక పేపర్ ఫలితం కోసమో ఒక చెక్ ఫ్లయిట్ కోసమో ఆగిపోయిన విద్యార్థి ఆ గడువు దాటితే మళ్లీ డబ్బు కట్టి ఎగరాలి. ఆలస్యం స్కూలుదైనా బిల్లు విద్యార్థిదే.

ఆ బిల్లు చిన్నది కాదు. లైసెన్సు వరకే సుమారు 45 నుంచి 60 లక్షల రూపాయలు. ఎయిర్‌బస్ ఎ320 లేదా బోయింగ్ 737 నడపడానికి కావలసిన టైప్ రేటింగ్‌కు మరో 15 లక్షలో ఇంకొంత ఎక్కువో. ఎయిర్‌లైన్స్ సొంతంగా నడిపే క్యాడెట్ ప్రోగ్రామ్ అయితే మొత్తం కోటి దాటుతోంది. విద్యారుణం తీసుకోవచ్చు కదా అంటారు. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు తప్పదు. యాభై లక్షలకు తాకట్టు అంటే ఇల్లో, పొలమో, ప్లాటో. అంటే ఆస్తి ఉన్నవాళ్ల పిల్లలకే అప్పు దొరుకుతుంది. ఆస్తి ఉన్నవాళ్లలోనూ పైలట్ కావడానికి ఉన్న ఒక్క ఆస్తినీ పణంగా పెట్టేవాళ్లు ఎక్కువ. ఫీజు తగ్గుతుందని మన తెలుగు కుటుంబాలు కొన్ని అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ స్కూళ్లకు పంపుతున్నాయి. వాతావరణం బాగుండి గంటలు త్వరగా పూర్తవుతాయన్నది నిజం. ఇంటికొచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్సును మార్పించుకోవడానికి ఇంకెన్ని నెలలు పడతాయన్నది వెళ్లేటప్పుడు లెక్కలోకి రాదు.

లైసెన్సు వచ్చాక కూడా ఖర్చు ఆగదు. మెడికల్ ఏటా చేయించుకోవాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. ఉద్యోగం లేని పైలట్ తన అర్హతను కాపాడుకోవడానికే లక్షలు పెడుతూ ఉంటాడు. రెండేళ్లు అలా గడిస్తే చేతిలో మెళకువ తగ్గుతుంది. ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ పరీక్షలో అది బయటపడుతుంది. ఆ పిల్లవాడికి ప్రతిభ లేదని తేల్చేస్తారు.

ఇదంతా కొత్త కాదు. 2000ల మధ్యలో చౌక విమానాల జోరు చూసి వేలమంది శిక్షణలో చేరారు. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత సంస్థలు నియామకాలు ఆపేశాయి. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. అనుభవం ఉన్న పైలట్లు రోడ్డున పడితే కొత్తవాళ్ల వైపు ఎవరు చూస్తారు? 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం దిగింది. 2020లో కరోనా రెండు నెలల పాటు దేశీయ విమానాలను పూర్తిగా నిలిపేసింది. 2023 మే నెలలో గో ఫస్ట్ మూతపడింది. ప్రతిసారీ ఒక సంస్థలోని కెప్టెన్లు ఇంకో సంస్థకు వెళ్లి వరసలో ముందు నిలబడతారు, కొత్త లైసెన్సులు వెనక్కి జరుగుతాయి. వరస వెనక్కి జరిగినప్పుడల్లా కష్టం భరించింది ఇళ్లే. ఏ సంస్థా, ఏ స్కూలూ, ఏ శాఖా అందులో పాలు పంచుకోలేదు.

ఈ ఒత్తిడి ఎక్కడికి దారితీస్తుందో 2011లో దేశమంతా చూసింది. నకిలీ మార్కుల షీట్లతో ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు కాక్‌పిట్‌లో దొరికారు. ఎగరని గంటలను ఎగిరినట్టు రాసిచ్చిన ఫ్లయింగ్ స్కూలు సంగతీ బయటికొచ్చింది. అరెస్టయినవాళ్లలో డైరెక్టరేట్ జనరల్ సిబ్బందీ ఉన్నారు. తప్పు చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ గంటకు వేల రూపాయలు పోసి, ఏళ్లు ఎదురుచూసి, అప్పు వడ్డీ నెత్తిన ఎక్కినవాడికి దొంగదారి చూపించే మధ్యవర్తి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. శిక్షణకు వెచ్చించే డబ్బును ఇంతగా కుటుంబాల మీద రుద్దినంతకాలం ఆ మధ్యవర్తికి గిరాకీ ఉంటుంది. ఆ విమానంలో కూర్చునేది మనమే.

ప్రాణాల సంగతి ఇంకా బరువైంది. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర పొలంలో శిక్షణ విమానం కూలి ఇద్దరు ట్రైనీ పైలట్లు చనిపోయారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సోలోగా ఎగురుతున్న యువతి సెస్నా కూలి కన్నుమూసింది. ప్రమాదాలు ఏ దేశంలోనైనా జరుగుతాయి. అయితే స్కూళ్ల ప్రమాణాలు ఎలా ఉన్నాయో డైరెక్టరేట్ జనరల్ తానే తేల్చింది. 2025 సెప్టెంబరు చివర ప్రకటించిన మొదటి ర్యాంకింగుల్లో 35 ఫ్లయింగ్ స్కూళ్లలో ఒక్కటీ ఎ ప్లస్‌లో గానీ ఎలో గానీ లేదు. 13 బి, 22 సి. సి అంటే 50 శాతం మార్కులు కూడా రానివి. అరకోటి ఫీజు తీసుకునే స్కూళ్లలో దాదాపు మూడింట రెండొంతులకు సగం మార్కులు రాలేదు. ర్యాంకింగు బయటపెట్టడం డైరెక్టరేట్ జనరల్ చేసిన మంచి పని. సి స్కూళ్లు కొత్త అడ్మిషన్లు ఏ షరతుల మీద తీసుకోవాలో కూడా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

ఆస్తి లేని ఇంటి నుంచి ఈ దారిలో నడవడం ఎంత కష్టమో హైదరాబాద్‌కు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా 2007లో శిక్షణలో చేరారు. నగరంలోని ఒక ఉర్దూ దినపత్రిక సంపాదకుడు ఫీజుకు అండగా నిలిచారు. బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో గంటలు పూర్తిచేసి ఆమె 2013లో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్నారు. అంతటితో ఆగిపోవాల్సి వచ్చింది, ఎందుకంటే మల్టీ ఇంజిన్ శిక్షణకు, టైప్ రేటింగ్‌కు డబ్బు లేదు. తెలంగాణ ప్రభుత్వం 30 లక్షలకు పైగా సాయం చేశాకే ముందుకు కదిలారు. ఆమె పట్టుదలను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఒక పత్రిక సంపాదకుడి దయ, ఒక ముఖ్యమంత్రి నిర్ణయం లేకపోతే ఆమె లైసెన్సు బీరువాలో ఉండిపోయేది. అలా ఉండిపోయిన లైసెన్సులు ఎన్నో, వాటి పేర్లు పేపర్లో రావు.

మన దేశంలో మహిళా పైలట్లు సుమారు 15 శాతం. ప్రపంచ సగటుకు ఇది దాదాపు మూడింతలు. 2023లో జారీ అయిన 1,622 కమర్షియల్ లైసెన్సుల్లో 294 మహిళలవే. అంతకు ముందు ఏడాది మొత్తం 1,165. గర్వపడదగ్గ అంకెలే. అయితే ఆ 1,622 మందిలో ఎందరు ఎయిర్‌లైన్స్‌లో చేరారన్న లెక్క ఈ లెక్కతో పాటు వెలువడదు. ఇంజినీరింగ్ కాలేజీ అయినా క్యాంపస్ ప్లేస్‌మెంట్లు చెప్పుకుంటుంది. ఇంత ఖరీదైన చదువుకు ఆ లెక్క లేకపోవడం ఏం న్యాయం?

క్యాడెట్ ప్రోగ్రాములు కొంత నయమన్న మాట వినిపిస్తుంది. సంస్థే ముందు పరీక్ష పెట్టి ఎంపిక చేస్తుంది, శిక్షణ ఎక్కడో చెబుతుంది, చివరికి జూనియర్ ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగం ఆశ చూపిస్తుంది. ఎంపిక ముందే జరగడం మంచిదే. కానీ ఒప్పందం చదివి చూడాలి. ఉద్యోగం చాలాసార్లు సంస్థ అవసరాన్ని బట్టి ఉంటుంది, కోటి రూపాయలు మాత్రం కచ్చితం. అదే సంస్థల ప్రయోజనం వచ్చేసరికి నిబంధనలు వేగంగా వచ్చాయి. పైలట్లు ఉన్నట్టుండి మానేస్తే శిక్షణ మీద పెట్టిన పెట్టుబడి పోతుందన్న వాదన విని, 2017లో డైరెక్టరేట్ జనరల్ కెప్టెన్లకు ఏడాది, ఫస్ట్ ఆఫీసర్లకు ఆరు నెలల నోటీసు పీరియడ్ పెట్టింది. సంస్థ పెట్టుబడికి రక్షణ ఉంది. తండ్రి పెట్టిన పెట్టుబడికి మాత్రం ఏ రక్షణా లేదు.

ప్రభుత్వం తలచుకుంటే చిన్న నిర్ణయమే ఎంత ఊరటనిస్తుందో 2024 సెప్టెంబరులో తెలిసింది. డైరెక్టరేట్ జనరల్ ఆమోదించిన ఫ్లయింగ్ కోర్సులకు జీఎస్టీ మినహాయింపు వర్తిస్తుందని 54వ జీఎస్టీ కౌన్సిల్ తేల్చి చెప్పింది. 18 శాతం భారం ఉండదన్న స్పష్టత వచ్చింది. ఫర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ నాలుగు దశాబ్దాలుగా నడుస్తోంది. ప్రభుత్వం తలపెడితే పోటీ పరీక్ష ద్వారా ప్రతిభను ఎంపిక చేసే స్కూలు నడపగలదనడానికి అదే రుజువు. 2022లో కొత్త ఫ్లయింగ్ స్కూళ్లకు ఎంపికైన విమానాశ్రయాల్లో మన కడప ఒకటి. ఆకాశం నిర్మలంగా, రద్దీ తక్కువగా ఉండే అలాంటి చోట్ల స్కూళ్లు పెరగాలి. కానీ ఫీజు మొత్తం ముందే గుంజుకునే పద్ధతిలోనే అవి వస్తే కొత్తదనం ఏమీ ఉండదు.

కేంద్రం చేయగల పనులున్నాయి. విద్యార్థి కట్టిన ఫీజు బ్యాంకులో విడి ఖాతాలో ఉండాలి, ఎగిరిన గంటకు తగినంతే స్కూలుకు చేరాలి. విమానం లేక, ఇన్‌స్ట్రక్టర్ లేక జరిగిన ఆలస్యానికి మళ్లీ ఎగిరే గంటలు స్కూలే భరించాలి. లైసెన్సుల లెక్కతో పాటు నియామకాల లెక్క ఏటా స్కూలువారీగా బయటపెట్టాలి. ఎంత పెద్ద విమాన ఆర్డరిస్తే అంత శిక్షణ బాధ్యత కూడా ఆ సంస్థ తీసుకోవాలి, టైప్ రేటింగ్ ఖర్చులో సగమైనా అది భరించాలి. ట్రైనింగ్ కెప్టెన్లు, సిమ్యులేటర్లు చాలకపోతే కొత్తవాళ్లను తీసుకోవడం వీలుకాదు, నిజమే. అలాంటప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలి. తాకట్టు లేని రుణానికి కేంద్రం హామీదారుగా నిలబడాలి. ఇద్దరు తెలుగు మంత్రులు, మొన్న అశోక్ గజపతిరాజు, ఇప్పుడు రామ్మోహన్ నాయుడు, ఈ శాఖ చూసినవాళ్లే. 30 వేల మంది కావాలని దేశానికి చెప్పిన మంత్రి, ఆ 30 వేల ఇళ్లు మోసే నష్టంలో ప్రభుత్వం, ఎయిర్‌లైన్స్ ఎంత పంచుకుంటాయో కూడా చెప్పాలి.

ఆ రోజు వచ్చేదాకా తల్లిదండ్రులకు ఒక మాట. ముందు క్లాస్ 1 మెడికల్ పూర్తిచేయించండి. స్కూలు ర్యాంకు, ఎగరగలిగే స్థితిలో ఉన్న విమానాలు ఎన్నో, పనిచేస్తున్న ఇన్‌స్ట్రక్టర్లు ఎందరో కళ్లతో చూసి రండి. గత రెండేళ్లలో అక్కడ లైసెన్సు పొందినవాళ్లలో కనీసం ముగ్గురితో మాట్లాడండి. లైసెన్సు తర్వాత రెండేళ్లు ఉద్యోగం రాకపోయినా ఇల్లు నిలబడుతుందా అని లెక్క వేసుకోండి. నిలబడదనిపిస్తే, ఎవరు ఎంత పెద్ద అంకె చెప్పినా, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టకండి.